చిన్న యూ, పెద్ద యూ: నెట్‌బీఎస్‌డీని సొంతంగా కట్టుకుంటున్న ఆరేళ్ల అనుభవం

ముందుగా నా తిక్క గురించి చెప్పేస్తాను. నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడాలంటే దాన్ని సోర్సు (మనుషులు రాసిన మూల కోడు) నుంచి కట్టుకోనక్కర్లేదు. తయారుగా దొరికే ఇమేజిని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటే ఒక పూటలో పని పూర్తవుతుంది. అయినా 2018లో 8.0 వెర్షను వచ్చినప్పటి నుంచి నా యంత్రాల మీద నడిచేదంతా నేనే కంపైల్ చేసుకుంటున్నాను, అంటే మూల కోడును యంత్రం నడపగల రూపంలోకి మార్చుకుంటున్నాను. ఒకటి పాత ల్యాప్‌టాప్, రెండోది ఇంట్లో డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే పని), బ్యాకప్ పనులు చూసుకునే రాస్‌బెరీ పై 3 అనే చిన్న కంప్యూటరు. ఈ రెండింటికీ కావలసినది కట్టేది మాత్రం లైనక్స్ ఉన్న మూడో కంప్యూటరు, నాలుగు కోర్ల డెస్క్‌టాప్. నెట్‌బీఎస్‌డీని కట్టడానికి నెట్‌బీఎస్‌డీ అక్కర్లేకపోవడమే నన్ను ఇందులోకి లాగింది.

సోర్సు విప్పగానే నాకు నచ్చింది దాని పొందిక. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ అంతా సిస్ అనే ఫోల్డరులో ఉంటుంది. అందులో ఆర్చ్ తెరిస్తే ఒక్కో యంత్ర కుటుంబానికి ఒక్కో గది: మామూలు పీసీలకు చెందిన మన ఏఎమ్‌డీ64 పక్కనే పాతకాలపు వాక్స్, అమిగా, డ్రీమ్‌కాస్ట్ కూడా. ఏ యంత్రానికీ కట్టుబడని డ్రైవర్లు డెవ్‌లో విడిగా ఉంటాయి. బయటివారు రాసిన సాఫ్ట్‌వేరు ఎక్స్‌టర్నల్ అనే ఫోల్డరులో, లైసెన్సును బట్టి వర్గాలుగా సర్ది ఉంటుంది. జీసీసీ అనే కంపైలరును వెతకాలంటే జీపీఎల్3 లోకి వెళ్లాలి. ఒకే తెరలో పలు టెర్మినళ్లు నడిపే టీమక్స్ బీఎస్‌డీ కింద, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ పబ్లిక్ డొమెయిన్ కింద. ఏ షరతుల మీద ఏ కోడు వాడుతున్నానో తెలుసుకోవడానికి లైసెన్సు ఫైలు తెరవనక్కర్లేదు, దారి పేరులోనే ఉంది. టీమక్స్ ఫోల్డరు లోపల డిస్ట్ అని మరొకటి ఉంటుంది. అసలు రచయితలు ఇచ్చిన కోడు అందులో ఉంటే, దాన్ని ఎలా కట్టాలో చెప్పే మేక్‌ఫైళ్లు బయట ఉంటాయి. అతిథి పెట్టెలను ఒక గదిలో పెట్టి, మన సామాను వేరే గదిలో ఉంచుకున్నట్టు.

కట్టే పని మొత్తం బిల్డ్ డాట్ ఎస్‌హెచ్ అనే ఒక్క షెల్ స్క్రిప్టు మీద నడుస్తుంది. 2002లో వచ్చిన 1.6 నుంచి ఇదే పద్ధతి. మొదటి ఆజ్ఞ టూల్స్. మన కంప్యూటరులోని కంపైలరును అది ఈ ఒక్క మెట్టులోనే నమ్ముతుంది, తన సొంత పనిముట్లను కట్టుకునేంత వరకే. సొంత కంపైలరుతో పాటు మేక్, ఆక్, సెడ్ లాంటి చిన్నా చితకా పనిముట్లను కూడా సొంతంగా కట్టుకుని, వాటి పేర్ల ముందు ఎన్‌బీ అనే ముద్ర వేసుకుంటుంది. మొదట్లో ఇది చాదస్తం అనిపించింది. ఇన్నేళ్లలో నా లైనక్సును నాలుగైదు సార్లు మార్చాను, ఏ మార్పూ ఈ పనిని ఆపలేదు. ఇప్పుడు ఆ చాదస్తానికే దండం పెడుతున్నాను. నా యంత్రం మీద టూల్స్‌కు ముప్పావుగంట, పూర్తి రిలీజుకు, అంటే ఎక్కించడానికి సిద్ధమైన మొత్తం సిస్టమ్‌కు, మూడున్నర గంటలు పడుతుంది. కెర్నెల్ ఒక్కటే అయితే టీ తాగి వచ్చేలోపు సిద్ధం.

ఇక శీర్షికలోని రెండు యూల సంగతి. ఆజ్ఞ పక్కన ఇంగ్లిష్ పెద్ద యూ అక్షరం పెడితే రూట్ (సిస్టమ్ యజమాని) అధికారం లేకుండానే అంతా కట్టవచ్చు. ఫైళ్లన్నీ మామూలు వాడుకరి పేరు మీదే ఉంటాయి. అసలు యజమాని ఎవరు, అనుమతులు ఏమిటి అన్నది మాత్రం మెటాలాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. చివర సెట్లుగా, అంటే ఎక్కించుకునే ఫైళ్ల మూటలుగా, కట్టేటప్పుడు ఆ చిట్టా చూసి సరిచేస్తుంది. చిన్న యూ పెడితే, ఇంతకుముందు కట్టినదాన్ని చెరపకుండా మారినది మాత్రమే మళ్లీ కడుతుంది. అది మరిచిపోతే మొదటికే మోసం. పాతదంతా ఊడ్చేసి, టూల్స్‌తో సహా మొదటి నుంచి మొదలుపెడుతుంది. మొదటి ఏడాది నేను మూడుసార్లు మరిచిపోయాను. ఇప్పుడు ఆజ్ఞను ఒక చిన్న స్క్రిప్టులో పెట్టుకుని, దాన్నే నడుపుతున్నాను.

చిన్న యూ దేవుడిచ్చిన వరమేమీ కాదు. ఒక మే నెల రాత్రి రిలీజు సగంలో ఉండగా కరెంటు పోయింది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు. కరెంటు వచ్చాక చిన్న యూతో కొనసాగించాను. కాసేపు బాగానే నడిచి, ఒక లైబ్రరీని జోడించేచోట, ముక్కలను కలిపే లింకర్ మొండికేసింది: ఒక ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ అయిన ఒక ముక్క) ఆకృతి తనకు అర్థం కావడం లేదట. సోర్సును రెండు గంటలు తిరగేశాను, తప్పు దొరకలేదు. చివరికి ఆ ఆబ్జెక్ట్ ఫైలు పరిమాణం చూస్తే సున్నా బైట్లు. కరెంటు పోయిన క్షణంలో పేరు డిస్కుకు చేరింది, లోపలి సరుకు చేరలేదు. ఏది మళ్లీ కట్టాలో తేల్చే మేక్ చూసేది సమయాన్నే, బరువును కాదు. ఫైలు కొత్తదే కదా అని దాటి వెళ్లిపోయింది. ఫైండ్ ఆజ్ఞతో వెతికితే అలాంటి ఖాళీ ఆబ్జెక్టులు పదకొండు దొరికాయి. అన్నీ తీసేసి మళ్లీ నడిపితే తెల్లవారేసరికి పూర్తయింది. మీకూ ఇలా జరిగితే నాలా సోర్సును అనుమానించకండి. ముందు సున్నా బైట్ల ఫైళ్లను వెతకండి.

అంతకంటే ఎక్కువ కోపం తెప్పించినది సెట్ల జాబితా. బ్యాకప్‌ల కోసం నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామును, దాని మాన్యువల్ పేజీతో సహా యూఎస్ఆర్ డాట్ బిన్‌లో చేర్చాను. సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌లో సొంత ఆజ్ఞ ఉండాలన్న సరదా. అంతా కంపైల్ అయ్యాక, ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. రెండు ఫైళ్లు అదనంగా ఉన్నాయట, జాబితాలో లేవట. ‘ఫైలుకు కాలం చెల్లిందా, జాబితా పాతబడిందా?’ అని ప్రశ్న గుర్తుతో సహా నన్నే అడిగింది. విషయం ఏమిటంటే, ఈ సిస్టమ్‌లోకి చేరే ప్రతి ఫైలుకూ డిస్ట్రిబ్ ఫోల్డరు లోపలి సెట్ల జాబితాలో ఒక వరుస ఉండాలి. పెళ్లి పందిట్లో పిలుపు లేని ఒక్క మనిషి కనిపించినా విస్తళ్లు వేయనని వంటవాడు భీష్మించినట్టు. ప్రోగ్రామును బేస్ జాబితాలో, మాన్యువల్‌ను మ్యాన్ జాబితాలో రాశాక ఊరుకుంది. ఆ రోజు తిట్టుకున్నాను. తర్వాత వెర్షను మార్చేటప్పుడు తెలిసింది దాని విలువ. ఏ ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది, ఏది ఇక అక్కర్లేదు అన్నది ఈ జాబితాలకు తెలుసు కాబట్టే, వెర్షను మార్చాక నడిపే పోస్ట్‌ఇన్‌స్టాల్ అనే స్క్రిప్టు పాత ఫైళ్లను ఏరి తీసేయగలుగుతుంది. ఆరేళ్లు నడిచిన నా ల్యాప్‌టాప్‌లో అనాథ లైబ్రరీ ఒక్కటీ లేదు.

ఇక రాస్‌బెరీ పై సంగతి క్లుప్తంగా చెబుతాను. దానిలోని 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసరుకు మద్దతు 2020 ఫిబ్రవరిలో వచ్చిన 9.0తో మొదలైంది. అదే సోర్సు, అదే స్క్రిప్టు. యంత్రం పేరు మాత్రం మార్చితే చివరలో ఎస్‌డీ కార్డుకు రాసుకునే ఇమేజి వస్తుంది. పై మీద నేరుగా కంపైల్ చేసే పాపం నేను ఒక్కసారే చేశాను, వివరాలు వద్దు. ఆజ్ఞ పక్కన పెద్ద పీ పెడితే సమయ ముద్రలను సోర్సు తేదీకి కట్టేస్తుంది. ఎవరు కట్టినా బైటు తేడా లేకుండా రావాలన్నది ఉద్దేశం. ఆ గమ్యాన్ని ఏఎమ్‌డీ64 మీద 2017లోనే చేరారు. నేనూ ఒక స్నేహితుడి కంప్యూటరులో కట్టి పోల్చాను. బేస్ సెట్ హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) అక్షరం పొల్లుపోకుండా ఒకటే వచ్చింది. ఆ పూట మా ఇద్దరికీ కలిగిన ఆనందం ఇంట్లో వాళ్లకు చెప్పినా అర్థం కాలేదు.

నచ్చనివీ ఉన్నాయి. సోర్సు తెచ్చుకునే అధికారిక దారి సీవీఎస్ అనే పాతకాలపు పద్ధతి, నత్తనడక. గిట్‌హబ్‌లోని నకలుతో కానిచ్చేస్తున్నాను. మూడున్నర గంటల్లో పెద్ద వాటా కంపైలరును కట్టడానికే పోతుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ లాంటి చిన్న ఆజ్ఞలో ఒక్క వరుస మార్చాలనుకునే కొత్తవారికి ఇది కొండను తవ్వి ఎలుకను పట్టడమే. నా ల్యాప్‌టాప్ వైఫై పాత తరం వేగం దాటదు. గ్రాఫిక్స్ లేని కన్సోల్‌లో తెలుగు కనిపించదు కాబట్టి, తెలుగు ఫైలు చదవాలంటే ఎక్స్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ తెరవాల్సిందే.

మొదటిసారి దిగేవారికి నా సలహా: పాతిక జీబీ ఖాళీ ఉంచుకోండి. ఎక్స్‌ను మొదటిసారికి వదిలేయండి. చిన్న యూ వాడే ముందు సోర్సు మొదట్లోనే ఉండే అప్‌డేటింగ్ ఫైలు చదవండి. ఈసారి పూర్తిగా ఊడ్చి కట్టాల్సిందే అని అందులో హెచ్చరిక ఉంటే, ఊడ్చి కట్టండి. ఎక్కించేటప్పుడు ముందు కెర్నెల్, రీబూట్, ఆ తర్వాతే మిగతాది. 2024లో 10.0కు మారేటప్పుడు తొందరలో ఈ వరుస తిప్పేశాను. కొత్త ఆజ్ఞలు పాత కెర్నెల్‌ను ఏదో అడగడం, అది తనకు తెలియదనడం. చివరికి పెన్‌డ్రైవు పెట్టి బయటపడ్డాను. అది తయారుగా దొరికే ఇమేజే.