డెబ్బైల నాస్కార్ కారు కట్టాలంటే ఏ ఛాసిస్ మేలు?

1972లో అమెరికా స్టాక్ కార్ రేసుల పోటీ నాస్కార్‌లో బాబీ అలిసన్ కోకా-కోలా రంగుల 12వ నంబర్ షెవర్లే మోంటే కార్లోతో 10 రేసులు గెలిచాడు. ఆ కారును చిన్న సైజులో కట్టాలనుకుంటే బాడీ గురించి పెద్దగా బెంగ లేదు. ఏఎంటీ కంపెనీ వాళ్ల 1/25 స్కేలు (అసలు కారులో ఇరవై ఐదో వంతు) ప్లాస్టిక్ కిట్ 1970 మోంటే కార్లో ఉంది, గ్రిల్ 1972ది చేసుకుంటే చాలు. కానీ అది షోరూమ్ కారు. రోల్ కేజ్ (పల్టీ కొడితే డ్రైవర్‌ను కాపాడే గొట్టాల పంజరం), రేసు సీటు, వెడల్పు చక్రాలు దాంట్లో ఉండవు, వేరే పెట్టెలోంచి తెచ్చుకోవాలి. ఏ పెట్టెలోంచి అన్నదే అసలు తగువు.

మూడు దారులున్నాయి. మోనోగ్రామ్ (ఆ తర్వాత రెవెల్-మోనోగ్రామ్) వాళ్ల 1/24 నాస్కార్ కిట్ ఛాసిస్‌ను (బాడీ కింది చట్రాన్ని) మొత్తంగా ఎత్తి బాడీ కింద పెట్టడం ఒకటి. బాడీ స్కేలుకు సరిపోయే 1/25 స్టాక్ కార్ కిట్ ఛాసిస్ వాడటం రెండోది. షోరూమ్ కిట్‌లోని ఫ్రేమ్‌నే ఉంచేసి, కేజ్, యాక్సిల్, చక్రాలు మాత్రం తెచ్చుకోవడం మూడోది.

1/25 బాడీ కింద 1/24 ఛాసిస్ అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. లెక్క చూస్తే కథ వేరేగా ఉంటుంది. 1981 నుంచి నాస్కార్ కార్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 110 అంగుళాలు, అంతకు ముందు 115. ఎనభైల కార్లను చూసి చేసిన మోనోగ్రామ్ ఛాసిస్‌లో ఆ 110 అంగుళాలు 1/24కి తగ్గితే 116.4 మిల్లీమీటర్లు. డెబ్బైల 115 అంగుళాలు 1/25కి తగ్గితే 116.8. తేడా అర మిల్లీమీటర్ కూడా లేదు! స్కేలు ఒకవైపు లాగితే నిబంధన ఇంకోవైపు లాగి, రెండూ ఒకేచోట కలిశాయి. అసలు మోంటే కార్లో వీల్‌బేస్ 116 అంగుళాలు కాబట్టి దాని 1/25 బాడీలో చక్రాల మధ్య దూరం 117.9 ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాను ముందు ఫెండర్ గుంటలో సర్దేయొచ్చు.

వెడల్పు దగ్గర మాత్రం స్కేలు తేడా తప్పించుకోలేం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు 60 అంగుళాలు. 1/24లో అది 63.5 మిల్లీమీటర్లు, 1/25లో 61. ఒక్కోవైపు 1.25 మిల్లీమీటర్ల చొప్పున టైరు బయటికి పొడుచుకొస్తుంది. వినడానికి ఎంతోకాదు గానీ, ముందు నుంచి చూస్తే కారు కాళ్లు చాపుకుని నిలబడ్డట్టు ఉంటుంది. వెనక యాక్సిల్ గొట్టాన్ని ట్రైలింగ్ ఆర్మ్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే కడ్డీ) అతుక్కునే చోటుకు బయటివైపున కోసి, ఆ ముక్క తీసేసి, లోపల సన్నటి ఇత్తడి తీగ గుచ్చి మళ్లీ అతికించాలి. లోపలివైపు కోస్తే ఆర్మ్‌లు కూడా జరిగిపోయి ఛాసిస్‌లో కూర్చోవు. ముందు చక్రాలకు ఇంత శ్రమ లేదు, వీల్ వెనక భాగాన్ని ఇసుక కాగితం మీద రుద్దితే సరిపోతుంది.

కేజ్ కూడా పైకప్పుకు తగులుతుంది. అప్పుడు పై కడ్డీలు కోయాలనిపిస్తుంది, కోయకండి. అద్దం పక్కన స్తంభం వాలుకు ముందు గొట్టం వాలు కలవకపోతే కిటికీలోంచి మొట్టమొదట కనిపించేది అదే. కాళ్ల దగ్గర కొంచెం కొంచెంగా తీస్తూ, ప్రతిసారీ జిగురు లేకుండా బాడీ పెట్టి చూసుకోవాలి.

ఇక రెండో దారి, 1/25 స్టాక్ కార్ ఛాసిస్. కాగితం మీద ఇదే న్యాయమైనది. డెబ్బైల్లో ఎంపీసీ కంపెనీ చేసిన, రేసర్ రిచర్డ్ పెట్టీ డాడ్జ్ ఛార్జర్ లాంటి కిట్లలో అన్నీ ఒకే స్కేలు. కాకపోతే పాత పెట్టె సీలుతో దొరికితే దానికి సేకర్తల ధర ఉంటుంది. అమెరికా నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ అదనం. అంత పోసి కొన్నదాన్ని ఒక ఛాసిస్ కోసం రంపంతో కోయడానికి నాకైతే చెయ్యి రాదు. ఎవరో సగం కట్టి వదిలేసిన కిట్ చవగ్గా దొరికితే మాత్రం కళ్లు మూసుకుని కొనండి.

మూడో దారిని జనం తక్కువగా చూస్తారు గానీ, అలిసన్ మోంటే కార్లోకు నా ఓటు దానికే. 1972 కారులో బాడీ కింద ఉన్నది షెవర్లే పెరిమీటర్ ఫ్రేమ్ (అంచుల చుట్టూ తిరిగే చట్రం), హుడ్ కింద బిగ్ బ్లాక్ అనే పెద్ద ఇంజిన్. మోనోగ్రామ్ కిట్ ఇచ్చేది ఎనభైల గొట్టాల ఛాసిస్, 358 ఘనపు అంగుళాల చిన్న షెవీ ఇంజిన్. కొలతలు కుదిరినా కాలం కుదరదు. షోరూమ్ ఫ్రేమ్ ఉంచుకుంటే సగం పని ముందే అయిపోయినట్టు. 427, 454 ఘనపు అంగుళాల బిగ్ బ్లాక్ ఇంజిన్లు బయటికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఏ షెవీ స్ట్రీట్ కిట్‌లోంచి తెచ్చినా నడుస్తుంది. కేజ్, సీటు, వెనక యాక్సిల్ మాత్రం మోనోగ్రామ్‌వి వాడుకోవచ్చు.

ఇలా తలో కిట్‌లోంచి తలో ముక్క తేవడం మోసమేమీ కాదు. అసలు కార్లను కట్టిందే అలా. ఫోర్డ్ రేసు కార్లు కట్టే హోల్మన్-మూడీ వాళ్లు 1965 ఫోర్డ్ గెలాక్సీ ముందు సస్పెన్షన్‌ను వాడితే అది ఊరంతా పాకింది. వెనక ట్రైలింగ్ ఆర్మ్‌లు అరవైల షెవీ పికప్ ట్రక్కువి. షెవర్లే బాడీ కింద ఫోర్డ్ 9 అంగుళాల రియర్ ఎండ్ (వెనక యాక్సిల్, గేర్లు) పెట్టుకుని తిరిగిన కార్లకు లెక్కేలేదు.

సంవత్సరం మారితే నా మాటా మారుతుంది. డెబ్బైల రెండో సగంలోని కార్లు, అంటే కేల్ యార్‌బరో వరసగా టైటిళ్లు గెలిచిన 1976-78 నాటివి కడుతుంటే నేరుగా మోనోగ్రామ్ ఛాసిస్ ఎత్తేయండి. చిన్న ఇంజిన్ అప్పటికే వచ్చేసింది, వీల్‌బేస్ ఎలాగూ కలుస్తుంది, వెడల్పు ఒక్కటి చూసుకుంటే చాలు. 1981 తర్వాతి కారైతే బాడీ, ఛాసిస్ రెండూ 1/24వే వాడండి. అప్పుడు రెండు స్కేళ్ల వీల్‌బేస్ తేడా ఏకంగా 4.7 మిల్లీమీటర్లు, ఏ ఫెండరూ దాన్ని దాచలేదు.

ఏ దారిలో వెళ్లినా కాలాన్ని పట్టిచ్చేవి రెండున్నాయి. మోనోగ్రామ్ టైర్ల మీద గుడ్‌ఇయర్ ఈగిల్ అని ఉంటుంది, అది ఎనభైల అక్షరం. డెబ్బైల కారుకు బ్లూ స్ట్రీక్ స్టాక్ కార్ స్పెషల్ అని ఉన్న డెకాల్ (అంటించే అక్షరాల ముద్ర) కావాలి. కిటికీ వల ఇంకోటి. 1970లో డార్లింగ్‌టన్‌లో పెట్టీ కారు పల్టీ కొట్టినప్పుడు అతని చెయ్యి బయటికి వేలాడిన తర్వాతే వల తప్పనిసరి అయ్యింది. 1972 మోంటే కార్లోకు వల ఉండాలి, 1969 ఫోర్డ్ టల్లడేగా కారుకు ఉండకూడదు.

పెట్టీ ఛార్జర్ సంగతి మాత్రం కొంచెం విచిత్రం. దాని అసలు వీల్‌బేస్ సరిగ్గా 115 అంగుళాలు కాబట్టి మోనోగ్రామ్ ఛాసిస్ అన్నిటికంటే బాగా కూర్చునేది ఆ బాడీ కిందే. కారు తిప్పి చూస్తే మాత్రం ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక లీఫ్ స్ప్రింగులు (పట్టీల స్ప్రింగులు) ఉండాల్సిన చోట కాయిల్ స్ప్రింగులు, పికప్ ట్రక్కు ఆర్మ్‌లు కనిపిస్తాయి. షెల్ఫ్ మీద పెట్టి వదిలేసేవాళ్లకు పర్వాలేదు. పోటీకి పెట్టి కింద అద్దం ఉంచేవాళ్లయితే ఏదైనా డాడ్జ్ స్ట్రీట్ కిట్ లీఫ్ స్ప్రింగులు పక్కన పెట్టుకుని, టార్షన్ బార్లకు స్టైరీన్ ప్లాస్టిక్ కడ్డీ కోసుకోండి.