మామూలు మిమ్సీయా, వేషం కట్టిన మిమ్సీయా? ఏది మేలు?

సీరియల్ అయిపోయి పేర్లన్నీ గబగబా పోయాక ఆఖర్న కంపెనీ లోగో వస్తాది చూడండి, ఆ రెండుమూడు సెకన్లంటే నాకు చాలా ఇష్టం. మా ఇజీనారంలో హాల్లో ఏవీఎమ్ మ్యూజిక్ వినపడితే పెద్దోళ్లు ఇప్పటికీ సర్దుకుని కూర్చుంటారు, అమెరికా టీవీ వాళ్లకి ఎమ్‌టీఎమ్ పిల్లి అలాంటిది. నటి మేరీ టైలర్ మూర్, ఆవిడ భర్త గ్రాంట్ టింకర్ కలిసి 1969లో ఎమ్‌టీఎమ్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు, ఎమ్‌జీఎమ్ సినిమాకి సింహం గర్జిస్తాది కదా, వీళ్లు సింహం బదులు మిమ్సీ అని నారింజ రంగు పిల్లికూనని పెట్టి మ్యావ్ అనిపించేశారు. కంపెనీ చేతులు మారి మారి 1998లో ఫాక్స్‌లో కలిసిపోయింది, పిల్లి మాత్రం యూట్యూబ్‌లో ఇంకా బతికే ఉంది.

తర్వాత్తర్వాత సీరియల్‌ని బట్టి దానికి వేషాలు కట్టారు. 'హిల్ స్ట్రీట్ బ్లూస్' పోలీసోళ్ల కథ కాబట్టి నెత్తిన పోలీసు టోపీ, ముద్దుగానే ఉంటాది గానీ టోపీ పెట్టడం తప్ప అందులో ఏటీ జరగదు. 'న్యూహార్ట్'లో పిల్లికి బదులు హీరో బాబ్ న్యూహార్టే మ్యావ్ అంటాడు, ఆయన గొంతు తెలిసినోళ్లకే ఆ సరదా, మనకి అందదు. 'రెమింగ్టన్ స్టీల్' అలా కాదు, డిటెక్టివ్ టోపీ పెట్టుకుని నోట్లో పైపుతో ఉంటాది, మ్యావ్ అని నోరు తెరవగానే పైపు జారిపోతాది, సీరియల్ ఒక్క ఎపిసోడ్ చూడకపోయినా నవ్వొస్తాది.

అసలు పోటీ 'సెయింట్ ఎల్స్‌వేర్'తోనే. ఆస్పత్రి సీరియల్ అది, మిమ్సీకి ఆపరేషన్ డాక్టర్ బట్టలు, మూతికి మాస్కు. 1988 మే 25న ఆఖరి ఎపిసోడ్‌లో మాత్రం సెలైన్ పెట్టి పడుకోబెట్టేశారు, పక్కన గుండె మోనిటర్, పేర్లు పోతున్నంతసేపూ బీప్ బీప్ అని కొట్టుకుని చివరికి గీత సాపు అయిపోతాది. ఎమ్‌టీఎమ్ కంపెనీని బ్రిటన్‌లోని టీవీఎస్ అనే టీవీ కంపెనీకి అమ్మేసింది కూడా ఆ ఏడాదే, అది గుర్తుపెట్టుకుని చూస్తే గుండె ఇంకా బరువెక్కుతాది. లోగోతో కథ ముగించడం అంటే అదీ, అంత ధైర్యం నేను ఇంకెక్కడా చూళ్లేదు. మా వొదిన నర్సు, ఆవిడకి చూపిస్తే "డ్యూటీలో రోజూ చూసేది చాల్లేదేటి, ఇంటికొచ్చి కూడా ఆ గీతే చూడాలా" అని ఫోన్ తిరిగిచ్చేసింది.

ఆ మాటతో నాకూ తేలిపోయింది. ఒక్కసారి చూడ్డానికైతే ఆ ఆఖరి లోగోని మించింది లేదు, కానీ అది ఆ ఒక్క రాత్రికే పనికొస్తాది. లోగో అన్నది వారం వారం రావాలి, ముందు నవ్వించారో ఏడిపించారో దానికి తెలీదు, దేని తర్వాతైనా అతకాలి. మామూలు మిమ్సీ అతుకుతాది, మొదట్నించీ అది అలా ఉండబట్టే కదా మోనిటర్ ఆగిపోతే జనానికి అంత బాధేసింది. అందుకే నా ఓటు టోపీ లేని పిల్లికే. రెండోది ఎవరికంటే పైపు పిల్లికి, ఆస్పత్రి పిల్లి మూడోదే, ఒప్పుకోనోళ్లు ఉంటారని తెలుసు, ఆ మూడూ వరసగా పెట్టుకుని చూసి చెప్పండి.