మెటీరియల్స్ ఫిజిసిస్టుకి ఏది మేలు: యూనివర్సిటీయా, కంపెనీ ల్యాబా?

పీహెచ్‌డీ చివరికొచ్చేసరికి అందరికీ ఇదే టెన్షన్. స్వేచ్ఛ కావాలంటే యూనివర్సిటీ, డబ్బు కావాలంటే కంపెనీ అని చాలామంది తేల్చేస్తారు. నాకైతే ఆ లెక్క కుదరదనిపిస్తుంది.

నీలి ఎల్‌ఈడీ సంగతే చూడండి. పదార్థం ఒక్కటే, గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టర్. జపాన్‌లోని నగోయా యూనివర్సిటీలో ఇసాము అకసాకి, ఆయన విద్యార్థి హిరోషి అమానో 1986లో నీలమణి పలక మీద ముందు పల్చటి అల్యూమినియం నైట్రైడ్ పొర వేసి, దానిపైన నాణ్యమైన స్ఫటికం పెంచారు. మెగ్నీషియం కలిపిన ఆ స్ఫటికానికి ఎలక్ట్రాన్ పుంజం తగిలించి 1989లో పి-టైప్ కూడా, అంటే ధనావేశాలు కరెంటు మోసే రకం, సాధించారు. ఎల్‌ఈడీకి అది లేకపోతే కుదరదు. అది ఎందుకు పనిచేసిందో తేల్చింది మాత్రం నిచియా అనే కంపెనీలోని షుజీ నకమురా బృందం. మెగ్నీషియాన్ని హైడ్రోజన్ పట్టుకుని కూర్చుంటోందనీ, వేడి చేస్తే వదిలిపోతుందనీ 1992లో చూపించారు. నకమురా అంతకుముందే స్ఫటికాలు పెంచే రియాక్టర్‌ని, ఒక వాయువు పక్కనుంచి, ఇంకొకటి పైనుంచి వచ్చేలా తనే మార్చుకున్నాడు. 2014 ఫిజిక్స్ నోబెల్ ముగ్గురికీ వచ్చింది.

అంటే లోతైన ఫిజిక్స్ కంపెనీలోనూ జరుగుతుంది. పేచీ హక్కుల దగ్గర వస్తుంది. పేటెంటుకి నకమురాకి మొదట దక్కింది 20,000 యెన్‌లు. కోర్టుకెక్కాక 2005లో సుమారు 84 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది.

రోజువారీ పనిలో తేడా ఇంకోలా ఉంటుంది. శాంపిల్‌ని చల్లబరుస్తుంటే రెసిస్టెన్స్ గ్రాఫ్‌లో ఎవరూ ఊహించని చోట చిన్న వంపు కనిపించిందనుకోండి. యూనివర్సిటీలో అది ఒక విద్యార్థి థీసిస్ అవుతుంది. కంపెనీలో మొదటి ప్రశ్న, "దీనివల్ల మన డివైస్ పాడవుతుందా?" కాదంటే ఆ వంపు అక్కడితో సరి. అలాగని ప్రొఫెసర్ ఆ వంపు వెంట స్వయంగా పడతాడా అంటే, అదీ తక్కువే. గ్రాంట్ ప్రపోజళ్లు, క్లాసులు, కమిటీలు! కొలతలు తీసేది విద్యార్థులే.

సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) లాంటి పెద్ద యంత్రాలున్న జాతీయ ల్యాబులు మూడో దారి. సొంత ప్రశ్న కన్నా బయటినుంచి వచ్చేవాళ్ల ప్రయోగాలు నడిపించడంలో ఆనందం ఉన్నవాళ్లకి అవి బాగుంటాయి.

నా ఓటు? యంత్రం మీద చెయ్యి ఉంటేనే నిద్రపట్టేవాళ్లు కంపెనీకే వెళ్లాలి. వంపు వెంట పడేవాళ్లకి యూనివర్సిటీ. కంపెనీకి వెళ్లేవాళ్లు జీతం కన్నా ముందు, పేపర్లు వెయ్యనిస్తారా అని అడగండి. పేపర్లు లేకుండా కొన్నేళ్లు గడిస్తే యూనివర్సిటీకి తిరిగి రావడం చాలా కష్టం.