జనగణనా, కులగణనా, మాతృభాష లెక్కా: మన దగ్గర ఎవరెంతమందో తెలియాలంటే ఏది మేలు?

1971 జనగణనలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద ఎస్టీ పట్టికలో తేలిన లంబాడీలు సుమారు 1.32 లక్షల మంది. 1981 వచ్చేసరికి 11.58 లక్షలు. పదేళ్ళలో తొమ్మిది రెట్లకు దగ్గర! దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తండాల్లో నిజంగా అంతమంది పుట్టి ఉంటే అంగన్‌వాడీలు కట్టలేక సర్కారు చేతులెత్తేసేది.

జరిగింది వేరు. 1976లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ జాబితాలను సవరించింది. అప్పటిదాకా ఆంధ్ర ప్రాంతంలో ఎస్టీలుగా ఉన్న లంబాడీలకు తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. సవరణతో వచ్చింది. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) తండాల జనం 1971లో కూడా అక్కడే ఉన్నారు, కాకపోతే వేరే గడిలో ఉన్నారు. పొరుగు రాష్ట్రాల నుంచి వలసలు కూడా కలిశాయని ఆదివాసీ సంఘాలు అంటాయి. ఆ వాదనను పక్కకు నెట్టేయలేం. అయినా ఇంత పెద్ద ఎగుడుకు అసలు కారణం జాబితా మారడమే. ఆ పదేళ్ళలోనే రాష్ట్రంలో మొత్తం ఎస్టీల సంఖ్య కూడా 16.58 లక్షల నుంచి 31.76 లక్షలకు పోయింది. నిరుడు మానికతో కొలిచి, ఈసారి దాంట్లో సగం పట్టే తవ్వతో కొలిచి, వడ్లు రెట్టింపయ్యాయని మురిసినట్టే ఉంటుంది ఇలాంటి పోలిక.

కాబట్టి ఏ వర్గం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అనే వాదన ఎవరైనా మొదలుపెడితే నేను ముందు అడిగేది అంకె కాదు, ఏ లెక్క అని. మన చేతిలో ఉన్నవి ముఖ్యంగా మూడు: పదేళ్ళకోసారి కేంద్రం చేసే జనగణన, రాష్ట్రం చేసే ఇంటింటి సర్వే, జనగణనలోనే ఓ మూల దాగి ఉండే మాతృభాష పట్టిక. నాలుగోది కొన్ని ఇళ్ళనే ఎంచి అడిగే శాంపిల్ సర్వే. దాని సంగతి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు.

మొదట జనగణన. దీని బలం వయసు. నిజాం రాజ్యంలో 1881 నుంచీ జనాన్ని లెక్కపెడుతూనే ఉన్నారు. 1931 దాకా కులాలన్నిటి లెక్కా అచ్చయింది. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీల వరకే కులం పేరు అడిగారు, మిగతావాళ్ళంతా ఒకే మూటలో పడ్డారు. అంటే యాదవులు, ముదిరాజులు, పద్మశాలీలు నల్లగొండ జిల్లాలో ఎంతమందో చెప్పడానికి జనగణన వైపు నుంచి 1931 తర్వాత అంకె లేదు. ఎస్సీ, ఎస్టీలకైతే ఒక్కో కులానికి, ఒక్కో తెగకు విడి పట్టికలు ఉన్నాయి. ఇంకో బలం గోప్యత. 1948 జనగణన చట్టం ప్రకారం మీరు చెప్పిన వివరం ఎవరికీ చూపకూడదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లదు. పింఛను పోతుందేమో, రేషన్ కార్డు కట్ చేస్తారేమో అనే టెన్షన్ లేకుండా జవాబు చెప్పే వీలుంది.

బలహీనత ఎక్కడంటే, మన దగ్గర చాలామందికి తట్టని చోట. జనగణన మనిషి ఆ రోజుల్లో ఎక్కడుంటే అక్కడ లెక్కపెడుతుంది. 2011లో లెక్క జరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. పాలమూరు లేబర్ ఊళ్ళో ఉండని కాలం అది. కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకో ముంబైకో బెంగళూరుకో పోయినవాళ్ళు ఉగాదికి గానీ తిరిగిరారు. సరే, అక్కడైనా లెక్కలోకి వస్తారు కదా అంటారా? వస్తారు, వేరే మనుషులుగా వస్తారు. ఎస్సీ, ఎస్టీ లెక్క ఏ రాష్ట్రంలో తీస్తే ఆ రాష్ట్రం జాబితా ప్రకారం జరుగుతుంది. లంబాడీలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో ఈ రెండిట్లోనూ లేరు. దేవరకొండ తండా నుంచి ముగ్గురు అన్నదమ్ములు పనికి పోయి ఒకడు ఊళ్ళో, ఒకడు బెంగళూరులో, ఒకడు పుణెలో ఉన్నాడనుకోండి. ఒకే తల్లి కడుపున పుట్టిన ముగ్గురూ మూడు వేర్వేరు గడుల్లో పడతారు.

ఇది లంబాడీల ఒక్కరి కథ కాదు. గద్వాల నుంచి రాష్ట్రం హద్దు దాటితే కర్ణాటక రాయచూరు. ఇవతల వాల్మీకి బోయలు బీసీ-ఏ, అవతల నాయకులుగా, బేడలుగా ఎస్టీ. హద్దుకు ఇటూ అటూ పిల్లనిచ్చి పుచ్చుకునే కుటుంబాలు పట్టికలో మాత్రం వేర్వేరు. అలాగే చర్చికి పోయే మాల, మాదిగ కుటుంబం మతం గడిలో క్రైస్తవం అని రాయిస్తే ఎస్సీ లెక్కలోంచి జారిపోతుంది. ఎస్టీలకు ఆ పట్టింపు లేదు. నల్లగొండ లాంటి చోట ఎస్సీ శాతం చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోకపోతే పొరపడతాం.

ఇక రాష్ట్రం సర్వేలు. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో రాష్ట్రమంతా లెక్క. ఊళ్ళో లేకపోతే పేరు పోతుందన్న భయంతో జనం బస్సుల టాపుల మీద కూడా ఎక్కి సొంతూళ్ళకు వచ్చారు. జనగణన వలసపోయినవాణ్ణి పోయిన చోటే పట్టుకుంటే, ఈ సర్వే వాణ్ణి ఇంటికి లాక్కొచ్చి లెక్కపెట్టింది. తండాల వరకు చూస్తే ఇది నిజానికి దగ్గరగా ఉంటుందనిపిస్తుంది. కానీ ఆ ఫలితాలను పద్ధతి ప్రకారం పూర్తిగా బయటపెట్టలేదు. బయటపెట్టని లెక్కతో పోలిక ఏం చేస్తాం?

2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి సర్వే ఆ విషయంలో నయం. 2025 ఫిబ్రవరిలో అంకెలు వచ్చాయి: ముస్లిం బీసీలను కలుపుకుని బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45, ఓసీలు 15.79. అదే తెలంగాణ హద్దుల్లో 2011 జనగణన ప్రకారం ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9 శాతం పైచిలుకు. 'చూశారా, ఎస్సీలు రెండు శాతం పెరిగారు' అని వాట్సాప్‌లో తిరిగింది. అలా అనడానికి లేదు. ఒకటి జనగణన, ఒకటి సర్వే. ఒకదాంట్లో వలస కూలీ పుణెలో ఉన్నాడు, రెండోదాంట్లో ఇంటి దగ్గరి ముసలమ్మ చెప్పిన పేర్లలో ఉన్నాడు. పైగా ఈ సర్వే 3.1 శాతం ఇళ్ళను అందుకోలేకపోయింది. తలుపు తీయనివాళ్ళు ఎక్కువగా హైదరాబాద్‌లోనే. తండాలో తలుపు తీయని ఇల్లు దొరకడం కష్టం, తలుపు ఉంటే కదా.

సర్వే ఎలా నడిచిందో దగ్గరగా చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. గోడకు స్టిక్కర్ అంటించి పోయిన వారానికి ఎన్యూమరేటర్ (లెక్క రాసుకునే ఉద్యోగి) మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. 56 ప్రధాన ప్రశ్నలు, 19 అనుబంధ ప్రశ్నలు, మొత్తం 75. కులం దగ్గర పని సులువు, జాబితాలో కోడ్ చూసి వేసేయడమే. వడ్డెర అన్నా ఒడ్డె అన్నా ఒకే కోడ్. భూమి, అప్పు, ఆదాయం దగ్గరికి రాగానే ఇంటాయన గొంతు మారుతుంది. "ఇదంతా ఎందుకు సారూ, పింఛను తీసేస్తరా?" అంటాడు. అక్కడి నుంచి జవాబులు తగ్గుతూ పోతాయి, ఎకరాలు గుంటలవుతాయి. కులం మీద చెప్పింది నమ్మొచ్చు, మిగతాది కొంచెం తీసేసి చదువుకోవాలి.

కోడ్ ఇవ్వకుండా చెప్పింది చెప్పినట్టు రాస్తే ఏమవుతుందో కేంద్రం 2011లోనే చూసింది. సామాజిక ఆర్థిక కుల గణనలో జనం ఇంటిపేర్లు, గోత్రాలు, ఉపకులాలు అన్నీ కులం గడిలో రాయించారు. ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో నాలుగు కులాలయింది. 1931లో 4,147గా ఉన్న కులాలు 46 లక్షలు దాటాయని 2021లో కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ కులాల లెక్క ఇప్పటిదాకా బయటకు రాలేదు. అలాగని కోడ్ పద్ధతిలో లోపం లేదా? ఉంది. తెలంగాణ జాబితాలో ఉన్న కులాలు 243. అందులో పేరు లేని చిన్న సంచార కులంవాడు 'ఇతరులు' అనే గడిలోకి పోతాడు, మళ్ళీ ఎప్పటికీ బయటపడడు. నా మాట అడిగితే కోడ్ జాబితానే మేలు, కాకపోతే దాని పక్కనే చెప్పిన పేరు రాసే ఖాళీ గడి ఒకటి ఉండాలి.

మూడోది మాతృభాష. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ కాలంతో పోల్చడానికి దీనికో గొప్ప గుణం ఉంది: పార్లమెంటు జాబితా మార్చితే ఇది మారదు. 1971లో తెలంగాణ తండాలు ఎస్టీ పట్టికలో లేకపోయినా, మాతృభాష పట్టికలో లంబాడీ అని చెప్పినవాళ్ళు ఉన్నారు. కాబట్టి పైన చెప్పిన తొమ్మిది రెట్ల ఎగుడులో నిజమెంత, జాబితా మహిమ ఎంత అని సరిచూసుకోవడానికి ఇదే సాక్షి.

కానీ ఈ సాక్షి నోరు కూడా అంత శుభ్రం కాదు. తండాలో ఇల్లు ఇల్లూ తిరిగే సారు "అవ్వా, మీ మాతృభాష ఏంది?" అని అడిగితే ఒక్కోసారి "తెలుగే రాసుకో సారూ, అందరం అదే మాట్లాడ్తం గద" అనే జవాబు వస్తుంది. లోపలికి తిరిగి కోడలిని పిలిచేది మాత్రం తమ లంబాడీ భాష గోర్ బోలీలోనే. కొన్నిసార్లు అడగకుండానే రాసేసుకునే సార్లూ ఉన్నారు. హాస్టల్లో చదివిన పిల్లలు తెలుగుకు మారిపోతారు, వాళ్ళ పిల్లల నాటికి పట్టికలో ఆ ఇల్లు తెలుగు ఇల్లయిపోతుంది. జాతి ఉంటుంది, అంకె తగ్గుతుంది. దీనికి తోడు పై స్థాయిలో ఇంకో తమాషా: దేశంలో లంబాడీ మాతృభాష అని చెప్పిన 32 లక్షల పైచిలుకు మందిని 2011 జనగణన హిందీ కిందికి తోసింది. భోజ్‌పురీ, రాజస్థానీ లాంటి యాభైకి పైగా మాతృభాషలదీ అదే గతి. హిందీ మాట్లాడేవాళ్ళ శాతం చూసి గర్వపడేవాళ్ళూ భయపడేవాళ్ళూ ఇద్దరూ ఒక్కసారి విడి పట్టిక తెరవాలి. అందులో మన చందంపేట అవ్వ కూడా ఉంటుంది.

శాంపిల్ సర్వే సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో 27,351 ఇళ్ళకు పోయింది. ఎస్టీ పిల్లల్లో రక్తహీనత ఎంత లాంటివి తెలుసుకోవడానికి అది బంగారం. నల్లమల పెంటల్లో (అడవి గూడేల్లో) చెంచులు ఎంతమంది అనే ప్రశ్నకు మాత్రం పనికిరాదు. అంత చిన్న తెగ శాంపిల్‌లో తగిలితే పది ఇళ్ళు తగులుతాయి, లేకపోతే అదీ లేదు.

ఈ గొడవ మనదొక్కటే అనుకోకండి. అమెరికా 1790 నుంచీ జాతి అడుగుతోంది. 2010లో రెండు అంతకన్నా ఎక్కువ జాతులవాళ్ళం అని చెప్పుకున్నవాళ్ళు 90 లక్షలు, 2020లో 3.38 కోట్లు. ప్రశ్న అడిగిన తీరు, జవాబును కోడ్ చేసిన తీరు మారడమే ఇందులో ఎక్కువ భాగమని అక్కడి సెన్సస్ వాళ్ళే ఒప్పుకున్నారు. బ్రిటన్ 1991లో గానీ అడగడం మొదలుపెట్టలేదు. ఫ్రాన్స్ జనగణనలో అసలు అడగదు.

మరి మన జిల్లాలకు ఏది మేలు? ఈ రోజు ఫలానా మండలంలో ఏ కులంవాళ్ళు ఎంతమంది, సీట్లు ఎలా పంచాలి అంటే 2024 సర్వే. దానికి దగ్గరలో ఇంకోటి లేదు. నలభై, యాభై ఏళ్ళలో ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు అంటే జనగణనే, అదీ 'ఎస్టీ మొత్తం' అనే గీత కాదు, ఒక్కో తెగ పేరుతో ఉన్న పట్టిక, పక్కన మాతృభాష పట్టిక. ఈ రెండూ ఒకే దిక్కు చూపిస్తే నమ్మండి. చెరో దిక్కు చూపిస్తే జాబితా ఎక్కడో మారిందని అర్థం.

ఇంకో మాట, జిల్లా పేరు చూసి పోల్చకండి. 2011లో మహబూబ్‌నగర్ జిల్లా అంటే 40 లక్షల పైచిలుకు జనం. 2016 దసరా నాడు అచ్చంపేట, అమ్రాబాద్ నాగర్‌కర్నూల్‌కు పోయాయి, షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. గద్వాల, వనపర్తి జిల్లాలయ్యాయి. 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. పాత మహబూబ్‌నగర్‌నూ కొత్త మహబూబ్‌నగర్‌నూ పక్కపక్కన పెడితే నల్లమల చెంచులు ఒక్క పండగపూట మాయమైపోయినట్టు కనిపిస్తుంది. ఊరి స్థాయి అంకెలు తీసి పాత హద్దులకు కూడుకోవడం విసుగు పనే, కానీ ఇంకో దారి లేదు.

రాబోయే జనగణన లెక్కకు కేంద్రం ఆధారంగా పెట్టుకున్న తేదీ 2027 మార్చి 1. అంటే మనుషుల లెక్క మళ్ళీ ఫిబ్రవరిలోనే, మళ్ళీ పాలమూరు లేబర్ ఊళ్ళో లేనప్పుడే. కాకపోతే ఈసారి అందరి కులం అడుగుతారు. పుణెలో షెడ్డు ముందు నిలబడ్డ ఎన్యూమరేటర్‌కు లంబాడీ మహారాష్ట్ర ఎస్టీ జాబితాలో కనపడకపోయినా, కులం గడి ఖాళీగా వదలడానికి లేదు. బంజారా అనో లంబాడీ అనో రాయించుకోవాలి, మాతృభాష దగ్గర హిందీ అని ఆయనే రాసుకుంటుంటే ఆపి, లంబాడీ అని చెప్పాలి. ఈ రెండు మాటలు ఉగాదికి ముందే, పనికి పోయేటప్పుడే తండాల్లో చెప్పుకుంటే మంచిది.