పూలరెక్కల ప్యాకేజీ కన్నా హాట్ వాటర్ బ్యాగే నయం

మాది రిజిస్టర్ పెళ్ళి. మర్నాడెలాగూ క్రిస్మస్ సెలవు కదా అని డిసెంబరు 24న వెళ్ళి సంతకాలు పెట్టొచ్చాం. ఆ తెలివితేటల పుణ్యమా అని పందొమ్మిదేళ్ళుగా పెళ్ళిరోజుకి మేం ఎక్కడికి బయల్దేరినా లోకమంతా మా వెనకాలే బయల్దేరుతుంది. ఈసారి మా ఆయన పంతం పట్టి రెండు నెలల ముందే కొండమీద ఒక చెక్క కాటేజీ బుక్ చేశారు. 23 నుంచి మూడు రాత్రులు, ‘యానివర్సరీ ప్యాకేజీ’తో సహా. ఆ చోటి పేరు చెప్పి ఎవరి వ్యాపారం మీదా రాయి వెయ్యను. చలికాలంలో ఇలాంటి కాటేజీకి వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

ముందు బిల్లు. 24 రాత్రి గాలా డిన్నర్ తప్పనిసరి అట. తిన్నా తినకపోయినా మనిషికింతని గది అద్దె మీద వేశారు. మేమేమో ఆ రాత్రి కిందున్న చిన్న చర్చికి వెళ్దామనుకున్నాం. పండగ రోజుల్లో, ముఖ్యంగా 24కీ 31కీ, చాలా హోటళ్ళలో ఈ పద్ధతి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే అడిగి మెసేజ్‌లో రాయించుకోండి. మేం అడగలేదు, కట్టాం.

ఇక ప్యాకేజీ. మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు, చుట్టూ గులాబీ రెక్కలు, గోడకి టేపుతో అంటించిన బంగారు రంగు బెలూన్లు ‘1’, ‘9’. చూడ్డానికి బాగానే ఉంది. ఫొటో తీసి, ఆ రెక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో వెయ్యడానికి పావుగంట పట్టింది. ఒకటి మా ఆయన మేజోడులోకి దూరి మూడోరోజున బయటపడింది. హంసల్ని విప్పేస్తేగానీ ఒళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు లేదు.

అసలు కథ చలిది. కొండెక్కుతుంటే కిలోమీటరు ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని తెలిసే శాలువాలు తెచ్చుకున్నాం. తెలియనిది ఇంకోటుంది. రాత్రిపూట చల్లబడిన గాలి బరువెక్కి నీళ్ళలాగా పల్లానికి జారుతుంది. మాకిచ్చింది అన్నిటికన్నా కింద, వాగు పక్కన ఉన్న కాటేజీ. దానికే అద్దె ఎక్కువ! పొద్దున్నే పైనున్నవాళ్ళు ఎండలో కూర్చుని కాఫీ తాగుతుంటే మేం పొగమంచులో ఒకరి మొహం ఒకరు వెతుక్కుంటున్నాం. పైవరసే అడిగి తీసుకోండి, అదీ ఉదయం ఎండ తగిలే వైపు. వాగు చప్పుడు పగలు నడిచి వెళ్ళి వినొచ్చు.

గదిలో హీటర్ ఆయిల్ రకం. వేడెక్కడానికి అరగంట తీసుకుంటుంది కానీ చప్పుడు చెయ్యదు, ఆపినా కాసేపు వెచ్చగా ఉంటుంది. ఫ్యాన్ హీటర్ కన్నా నాకు ఇదే నచ్చింది. చిక్కల్లా వైరింగుతో. హీటరు 2,000 వాట్లు, గీజరు 2,000, కెటిల్ 1,500. మొదటి రెండూ కలిసి ఎలాగో లాగాయి. టీ పెడదామని కెటిల్ కూడా వేశానో లేదో, నీళ్ళు మరిగేలోపే కాటేజీ మొత్తం చీకటి. మా ఆయన సెల్‌ఫోన్ లైటుతో, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ ఉన్న డబ్బా తెరిచి, ‘పదహారు ఆంప్స్ ఎంసీబీ మీద ఇరవైనాలుగు లాగితే ఊరుకుంటుందా?’ అన్నారు, అదేదో నేనే బిగించినట్టు. ఏవి ఏవి కలిపి వెయ్యకూడదో ఒక చీటీ అంటిస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది?

24 తెల్లవారుజామున ఏకంగా కరెంటే పోయింది. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే బొగ్గుల కుంపటి పంపారు, గదిలో పెట్టుకోమని. వద్దని వెనక్కి పంపేశాను. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అతిథులకి అలాంటిది ఇవ్వడం పెద్ద తప్పు. మేనేజరుకి మొహం మీదే చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ కుంపటి తీసుకెళ్ళిన కుర్రాడే పది నిమిషాల్లో రెండు హాట్ వాటర్ బ్యాగులు పట్టుకొచ్చాడు. ఉన్ని గుడ్డ తొడుగులు వేసి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూపించి మరీ ఇచ్చాడు. ‘పాదాల దగ్గర పెట్టుకోండమ్మా, అరగంట తర్వాత పొట్ట మీదకి తెచ్చుకోండి’ అన్నాడు. ప్యాకేజీలో ఆ మాట ఎక్కడా లేదు. ఆ రాత్రి నుంచి మేం అడక్కుండానే, తిరిగి గదికొచ్చేసరికి రజాయి కింద రెండు వెచ్చని ఉబ్బులు కనిపించేవి. స్టార్లన్నీ ఆ కుర్రాడికే.

గాలా డిన్నర్లో ఏదో ముద్ద తిన్నామనిపించి, పదకొండున్నరకి చర్చికి నడిచాం. దారంతా దీపాల్లేవు. నడినెత్తికి దగ్గరలో వరసగా మూడు చుక్కలు, ఒక పక్క ఎర్రగా ఆరుద్ర, ఇంకాస్త కిందికి మిలమిలలాడుతూ సిరియస్. మా ఆయన పేర్లు చెబుతూ తల పైకెత్తి నడిచి గుంటలో కాలేశారు. చర్చిలో చోటు లేక గుమ్మం దగ్గరే నిలబడ్డాం. లోపల గిటారు శ్రుతి తప్పుతోంది, పాట మాత్రం తప్పట్లేదు. పక్కనున్న పెద్దావిడ తన కొవ్వొత్తితో మాది వెలిగించింది.

25 పొద్దున లేచేసరికి గది మళ్ళీ మంచుగడ్డ. చలికి లోపలి గాలి కుంచించుకుపోయి బెలూన్లు ముడతలు పడ్డాయి. ‘9’కి పైన అంటించిన టేపు ఊడిపోయి, కింది టేపు మీద గిర్రున తిరిగి వేలాడుతోంది. హీటర్ వేసిన కాసేపటికి రెండూ మళ్ళీ ఉబ్బాయి కానీ అది మాత్రం ‘6’గానే ఉండిపోయింది. మా ఆయన రజాయిలోంచి తల మాత్రం బయటపెట్టి, ‘మూడేళ్ళు రిఫండ్ ఇచ్చారోయ్’ అన్నారు.