ఫుట్‌బాల్ సెలక్షన్స్: డ్రిల్సా, ఫుల్ మ్యాచా, నలుగురేసి ఆటా? ఏది మేలు?

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఎక్కడ ఫుట్‌బాల్ సెలక్షన్స్ పెట్టినా పీఈటీ మాస్టార్లూ, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులూ అడిగేది ఒకటే. డ్రిల్స్ పెట్టి, అంటే కోన్ల మధ్య డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో నడుపుకుంటూ పోవడం) లాంటివి చేయించి మార్కులు వేయడం మేలా, లేక రెండు జట్లు కట్టించి మ్యాచ్ చూడటం మేలా? ఈ రెంటికంటే జట్టుకి నలుగురేసి పిల్లల్ని చిన్న గ్రౌండ్‌లో ఆడించడం మేలు.

డ్రిల్స్‌లో ఒక న్యాయం ఉంది. పరీక్ష అందరికీ ఒకటే. "మావాణ్ణి ఎందుకు తీసుకోలేదు" అని ఎవరైనా వస్తే చూపించడానికి కాగితం మీద అంకె ఉంటుంది. ఆ అంకెను మాత్రం అంతగా నమ్మలేం. 20 మీటర్ల పరుగుకి చేతి స్టాప్‌వాచ్ వాడితే, నొక్కడంలో వచ్చే తేడాయే 0.2 సెకన్ల దాకా ఉండొచ్చు. ఇద్దరు పిల్లల మధ్య అసలు తేడా చాలాసార్లు అంతకూడా ఉండదు. జగ్లింగ్ (బంతిని కింద పడకుండా కాలితో ఎగరేయడం), కోన్ల డ్రిబ్లింగ్ పెరట్లో కొన్నాళ్లు సాధన చేస్తే పట్టుబడతాయి. బంతి లాక్కునేవాడు ఎదురుగా లేకపోతే తల ఎత్తి చూడాల్సిన పనే పడదు. పైగా మన స్కూళ్లలో కబడ్డీ ఆడి వచ్చే పిల్లలుంటారు. కూతకి వెళ్లేవాడికి ఒంటిని ఒకవైపు ఊపి ఇంకోవైపు తప్పుకోవడం అలవాటే. ఆ నేర్పు ఎదురు మనిషి ఉంటేనే బయటపడుతుంది.

ఫుల్ మ్యాచ్ అసలు ఆటలాగే ఉంటుంది, అందుకే అందరికీ నచ్చుతుంది. కానీ ఇరవై నిమిషాల మ్యాచ్‌లో, పైచేయిగా ఉన్న జట్టులో వెనక కాపలా కాసే బ్యాక్ దగ్గరికి బంతి దాదాపు రాకపోవచ్చు. చూసేవాళ్ల కళ్లేమో బంతి వెంటే పోతాయి. వానల్లో ఇది మరీ అన్యాయం. తడిసిన నల్లమట్టిలో బంతి దొర్లదు. నేల మీద చక్కగా పాస్ ఇచ్చిన పిల్లాడి బంతి బురదలో ఆగిపోతుంది, గాల్లోకి బాదినవాడు పేరు కొట్టేస్తాడు. నీళ్లు తాగిన పాత కుట్టు బంతి నిబంధనలు చెప్పే 410–450 గ్రాములు దాటుతుంది, బక్కపిల్లలు దాన్ని కదపలేరు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి కాస్త చిన్నదైన నాలుగో నంబరు బంతే ఇవ్వాలి.

ఇక నలుగురేసి ఆట. పదహారు మంది వస్తే 30 × 20 మీటర్ల గ్రౌండ్లు రెండు గీయండి. కోన్లతో రెండు మీటర్ల గోల్స్ పెట్టండి, కీపర్లు వద్దు. ఆరు నిమిషాల ఆట, మూడు నిమిషాల విరామం, మొత్తం ఆరు రౌండ్లు. గంటలోపు అయిపోతుంది. ప్రతి రౌండ్‌కీ చీటీలు తీసి జట్లు మార్చాలి, లేకపోతే స్నేహితులంతా ఒక జట్టయిపోతారు. గెలిస్తే 3, సమానమైతే 1, ఓడితే 0. ఈ పాయింట్లు జట్టుకి కాదు, ఆ నలుగురిలో ఒక్కొక్కరి పేరు మీద పడతాయి. పక్కన ఎవరున్నా గెలుస్తున్న పిల్లాడు చివరికి పైకి తేలతాడు. గోల్ కొట్టకుండా, నోరెత్తకుండా ఆటని నడిపించే పిల్లలు దొరికేది ఇక్కడే, నా మొగ్గు ఇటు ఉండటానికి కారణం వాళ్లే.

ఆరు రౌండ్లలో అదృష్టం పూర్తిగా పోదు. అందుకని గ్రౌండ్‌కొక మనిషి నిలబడి రెండే రెండు రాసుకోవాలి: బంతి రాకముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా, బంతి పోగొట్టుకున్నాక మొదటి ఐదు సెకన్లలో ఏం చేశాడు. గ్రౌండ్ పెద్దదైతే వేగంగా పరిగెత్తేవాడిదే రాజ్యం, మరీ చిన్నదైతే తోపులాట. గీత పక్కన నాలుగు బంతులు ఉంచితే ఆట ఆగదు. తల్లిదండ్రుల్ని దూరంగా కూర్చోబెట్టండి. "పాస్ ఇవ్వరా, కొట్టరా" అని నాన్నగారు అరుస్తుంటే మనం చూసేది ఆయన నిర్ణయాల్నే.

వీడియో క్లిప్పులూ, పాత మెడల్సూ పిలవడానికి పనికొస్తాయి, ఎంపికకి కాదు.

పద్ధతి ఏదైనా వయసు సంగతి మరవకూడదు. కట్-ఆఫ్ జనవరి 1 అయితే, జనవరిలో పుట్టినవాడు డిసెంబర్‌లో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. ఆ ఏడాది ఎదుగుదలనే మనం ప్రతిభ అనుకుంటాం. పుట్టిన తేదీల వరుసలో, అందరికంటే పెద్దవాడికి 1వ నంబరు బిబ్ (చొక్కా మీద వేసుకునే నంబరు పైతొడుగు) ఇచ్చి, ఆ సంగతి చూసేవాళ్లకి ముందే చెప్పండి.

గోల్‌కీపర్లని విడిగా చూడాలి: తక్కువ ఎత్తులో వచ్చే షాట్లు, దూసుకొచ్చేవాడి కాళ్ల దగ్గర బంతి అందుకోవడం, పట్టిన బంతిని ఎవరికి విసిరాడన్నది.