కళ్లను కట్టేసే పని, బుర్రను అడిగే పని: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌తో ఏడేళ్లు

2018 అక్టోబరులో ఫోన్‌కి వచ్చినప్పటి నుంచి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నాను. 2007 నాటి ఆటను 2013లో మళ్లీ తెరిచి, దాని మీదే కొత్తవి కట్టుకుంటూ వచ్చారు. ఈ ఏడేళ్లలో రెండుసార్లు మానేశాను. రెండుసార్లూ ఒకే చోట మానేశాను: ఆటలోని సీర్స్ విలేజ్ అనే ఊళ్లో, ఇళ్ల కప్పుల మీద.

అక్కడ ఎజిలిటీ, అంటే చురుకుదనం అనే స్కిల్, పెంచుకోవాలి. గోడ ఎక్కాలి, దూకాలి, తాడు మీద నడవాలి, దూకాలి, మళ్లీ దూకాలి, కిందికి దిగాలి. రౌండు పూర్తయితే 570 ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు. 60వ లెవెల్ నుంచి 70కి వెళ్లాలంటే 4,63,885 ఎక్స్‌పీ కావాలి, అంటే 814 రౌండ్లు. రౌండుకి ముప్పావు నిమిషం వేసుకున్నా పది గంటలు దాటుతుంది. అమ్మ ఒకసారి పక్కన కూర్చుని చూసి, "ఏరా, పొద్దుట్నుంచీ ఆ ఇల్లే ఎక్కుతున్నావేంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది వందలవ రౌండు మొదటి రౌండులాగే ఉంటుంది. నేను బాగా ఆడినా అంతే, ఎలాగోలా ఆడినా అంతే.

మళ్లీ మళ్లీ చేయడమే తప్పని నేను అనను. ఇదే ఆటలో చేపలు పట్టడం నాకు ఇష్టం. ఒకసారి నొక్కితే కాసేపు దానంతటదే సాగుతుంది. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకూ నేనూ అలా పక్కపక్కన గాలాలు వేసుకుని గంటలు మాట్లాడుకున్నాం. "అన్నా, ఇవాళ పులిహోర చేశా, పులుపు ఎక్కువైంది" అంటాడు. వాడికి రాత్రి, నాకు తెల్లారి. ఆ పని నా బుర్రను వదిలేస్తుంది. ఇళ్ల కప్పులు అలా వదలవు. కొన్ని సెకన్లకోసారి నొక్కాలి, కళ్లు తిప్పడానికి లేదు, ఆలోచించడానికీ ఏమీ లేదు. విసుగంటే నాకు ఇదే.

ఇప్పుడు ఇదే ఆటలో ఫైట్ కేవ్స్ అనే గుహలో పోరాటం సంగతి. శత్రువులు 63 వేవ్‌లుగా, అంటే విడతలుగా వస్తారు. ఆఖరి దాంట్లో ఒక్కడే వస్తాడు, జాడ్. ముందు కాళ్లు నేలకేసి కొట్టాడంటే పైనుంచి బండ పడబోతోంది. వెనక్కి లేచి కాళ్లు గాల్లో ఆడించాడంటే నిప్పుముద్ద వస్తోంది. ఏది వస్తోందో చూసి, దానికి తగిన ప్రేయర్ (ఆ రకం దెబ్బను ఆపే రక్ష) అప్పటికప్పుడు మార్చుకోవాలి. తప్పితే ఒక్క దెబ్బకి 97 ప్రాణం పాయింట్ల దాకా పోతాయి. మొదటిసారి గంటన్నర కష్టపడి అక్కడికి చేరి, రెండో దెబ్బకే పోయాను. చేతులు వణికాయి. మూడోసారి దెబ్బలన్నీ ఆపాను గానీ, సగం ప్రాణం పోయాక వాడికి వైద్యం చేయడానికి వచ్చే చిన్న జీవుల్ని నా వైపు లాక్కోవాలని తట్టలేదు. ఐదోసారి గెలిచాను. ఓడిన ప్రతిసారీ ఎక్కడ తప్పానో తెలిసింది, అందుకే మళ్లీ వెళ్లాలనిపించింది.

మొదటి 62 వేవ్‌లు మాత్రం ఇంత పొడుగు అక్కర్లేదని ఇప్పటికీ అంటాను. తెలిసిన వాటినే గంటకు పైగా కొట్టించి అప్పుడు పరీక్ష పెట్టడం అన్యాయం. సాధన చేసుకోవాల్సింది జాడ్ దగ్గర, వేచి ఉండాల్సింది గంటన్నర.

బాగు చేయలేరా అంటే చేయగలరు. మంత్రాలకు వాడే రూన్లు తయారు చేసే రూన్‌క్రాఫ్ట్ స్కిల్ అంటే ఒకప్పుడు బ్యాంకుకీ బలిపీఠానికీ మధ్య తిరగడమే. 2022లో గార్డియన్స్ ఆఫ్ ద రిఫ్ట్ వచ్చాక అదే పనిని పది నిమిషాల జట్టు ఆట చేశారు. ఎప్పుడు ఏ ద్వారంలోకి దూరాలో, ఎప్పుడు గోడ నిలబెట్టాలో చూసుకోవాలి. ఎక్స్‌పీ కోసం వెళ్లి ఎక్స్‌పీ మర్చిపోయాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక స్కిల్‌లో ఆఖరిదైన 99వ లెవెల్ లెక్క ముందే తెలుసుకోండి: 1,30,34,431 ఎక్స్‌పీ. 92కి చేరితే అప్పటికి సగం దారి. మీకు అవసరం లేని స్కిల్‌ని ఆ అంకె కోసం లాగొద్దు.

ఫైట్ కేవ్స్ కన్నా కష్టమైన ఇన్ఫర్నో అనే పోరాటానికి మొదటిసారి వెళ్లాలంటే, జాడ్‌ని గెలిస్తే వచ్చే ఫైర్ కేప్ ఒకటి ఇచ్చేయాలి. మొదటిది ఇవ్వడానికి మనసొప్పక, రెండోదాని కోసం మళ్లీ జాడ్ దగ్గరికి వెళ్లాను. ఒక్క దెబ్బ కూడా తగల్లేదు.